ఆపుకున్నన్నాళ్లూ

ఇంకో పావుగంట ఖాయం, ఆ పొడుగు లాయరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడంటే పావుగంటకి తక్కువ ఉండదు, పందొమ్మిదేళ్లుగా ఈ కోర్టు గదిలో ఇదే కుర్చీలో కూర్చుని లాయర్లు అడిగేవీ సాక్షులు చెప్పేవీ టైపు కొడుతున్న మనిషికి ఆ మాత్రం తెలియదా, తెలుసు, కానీ బొడ్డు కింద నాలుగు వేళ్ల దూరంలో ఉన్న ఆ మూత్రసంచికి తెలియదు, దానికి గడియారం చూడటం రాదు, గంట క్రితమే వెళ్లొచ్చినా సరే ఎవరో లోపల నిప్పుకణిక పెట్టి తీరుబడిగా ఊదుతున్నట్టు మంట, ఆ మంట తొడల లోపలికి దిగి, నడుము వెనక్కి పాకి, ఊరంతా తిరిగొచ్చిన చుట్టంలా మళ్లీ మొదటి చోటికే వచ్చి కూర్చుంటోంది, ఆమె కుర్చీలో కాస్త ఒరిగింది, వేళ్లు మాత్రం ఆగలేదు, ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు, ఇవాళ లేవడానికి లేదు, సాక్షి పదేళ్ల పిల్ల, అందుకని తలుపులు మూసి విచారణ, గదిలో జడ్జిగారు, ఇద్దరు లాయర్లు, పిల్ల పక్కన ధైర్యానికి కూర్చోబెట్టిన సహాయకురాలు, తలుపు దగ్గర బంట్రోతు, పిల్లకి కనిపించకుండా అడ్డంగా పెట్టిన తెర వెనక ఆ పిల్ల తండ్రి, టైపు దగ్గర తను, అంతే, పాప మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ కదలొద్దు, బెదిరిపోతుంది అని జడ్జిగారు పొద్దున్నే చెప్పారు, చెప్పేటప్పుడు ఆయన తనవైపే చూశారా, చూసే ఉంటారు, ఆమె మధ్యమధ్య బయటికి వెళ్లొస్తుందని కోర్టంతా తెలుసు, సుగర్ ఉందేమోలే పాపం అనుకుంటారు, సుగర్ లేదు, ఉన్నా బాగుండేది, చెప్పుకోవడానికి ఒక పేరుండేది.

పేరు లేని నొప్పికి ఎనిమిదేళ్లు, అమ్మ పోయిన నెలలో మొదలైంది, ముందు మామూలు ఇన్ఫెక్షనే, మాత్రలు వేసుకుంటే ఇన్ఫెక్షను పోయింది, నొప్పి మాత్రం ఇల్లు బాగుందని ఉండిపోయింది, మొదటి డాక్టరు ఇంకో కోర్సు మాత్రలు రాశాడు, రెండో డాక్టరు కెమెరా పెట్టి చూసి లోపల అద్దంలా ఉందమ్మా అన్నాడు, అద్దంలా ఉంటే మరి ఎందుకు మండుతోందని అడగాలనిపించి అడగలేదు, మూడో ఆయన రిపోర్టులన్నీ దొంతరగా పేర్చి అంతా మీ మనసులోనే ఉంది అన్నాడు, ఇంటికొచ్చి భర్తతో చెప్పి నవ్వింది, నా మనసు ఇన్నాళ్లూ గుండెలో ఉందనుకున్నా, ఇంత కిందికి ఎప్పుడు జారిపోయిందో, ఆయనా నవ్వాడు, ఆయన మంచివాడు, బండి తీసేముందు ట్యాంకు ఖాళీ చేశావా అని అడుగుతాడు, మొదటి ఏడాది ఆ మాటకి నవ్వొచ్చేది, ఎనిమిదో ఏడాదికి నవ్వు రావడం లేదని ఆయనకి తెలియదు, తెలిస్తే మానేస్తాడు, అందుకే చెప్పలేదు, ఒకటి మానేశాడు చాలు, పడుకున్నప్పుడు తన మీద చెయ్యి వెయ్యడం మానేశాడు, మొదట్లో నొప్పా అని అడిగేవాడు, తర్వాత అడక్కుండానే అటు తిరిగేవాడు, కోపంగా కాదు, జాగ్రత్తగా, పగిలిపోయే సామాను పక్కన పడుకున్నట్టు, ఆ జాగ్రత్తే ఆమెకి ఎక్కడో కోసేది, పోయిన వారం నాలుగో చోటికి వెళ్లింది, మందులు రాయని డాక్టరమ్మ, ఒంటికి కసరత్తులు నేర్పే మనిషి, చల్లటి చేతులు, ఎంత సేపు నొక్కి చూసినా విసుగులేదు, లోపలి కండరాలు పిడికిలిలా బిగుసుకుపోయి ఉన్నాయమ్మా, వదులు చెయ్యండి అంది, వదులు చేస్తున్నాననే అనుకుంది ఆమె, లేదమ్మా ఇంకా బిగించే ఉన్నారు, మీరు బిగిస్తున్నట్టు మీకే తెలియడం లేదు, చిన్నప్పుడు బాగా ఆపుకునేవారా, ఇంట్లో భయంగా గడిచిన రోజులేమైనా ఉన్నాయా, లేదండీ, అలాంటిదేమీ లేదండీ అనేసింది, డాక్టరమ్మ ప్రశ్న పూర్తికాకముందే అనేసింది, మీ నొప్పి ఊహ కాదమ్మా, నిజం, కాకపోతే చాలాకాలం భయపడిన ఒళ్లు భయం పోయాక కూడా కాపలా కాస్తూనే ఉంటుంది అంది డాక్టరమ్మ, ఆమె చీర సర్దుకుంటూ థాంక్సండీ అని వచ్చేసింది, ఇంటికి వస్తుంటే దారిలో రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది.

పాపా, ఆ సాయంత్రం నువ్వు గదిలో ఉన్నావు కదా, ఊఁ, తలుపు వేసి ఉంది కదా, కొంచెం తీసుంది, కొంచెం అంటే ఎంత, ఇంత అని పిల్ల రెండు వేళ్లు ఎడంగా పట్టి చూపించింది, సాక్షి రెండంగుళాలు చూపించిందని రాయండి అన్నారు జడ్జిగారు, ఆమె రాసింది, ఆ పిల్ల తల్లి ఆసుపత్రిలో ఉంది, మేడమెట్ల మీద నుంచి కింద పడి నాలుగు నెలలు, కళ్లు తెరుస్తుంది గాని మాట లేదు, కాబట్టి ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలిగింది ఈ పదేళ్ల నోరొక్కటే, ఆ నోరు నిజమా అబద్ధమా తేల్చడమే పొడుగు లాయరు పని, ఆయన తండ్రి తరఫు, గొంతు ఎప్పుడూ పెంచడు, సెలవుల్లో ఊరెళ్లావా అని అడుగుతున్నట్టే అడుగుతాడు, మరి బయట అంత గొడవ జరుగుతుంటే నువ్వు పక్కింటికి పరిగెత్తొచ్చు కదా, పెరటి తలుపు ఉంది కదా, అక్కడే తలుపు సందులో ఎందుకు నిలబడ్డావు పాపా, నిజంగా నిలబడ్డావా, లేక ఎవరైనా అలా చెప్పమన్నారా, పిల్ల టేబులు అంచుకేసి చూస్తూ ఎవరితోనో రహస్యం చెప్తున్నట్టు, నాకు ఒంటికి వచ్చింది, బాత్రూం అటుపక్క ఉంది, నాన్న హాల్లో ఉన్నాడు, వెళ్లిపోతాడేమో అని చూస్తున్నా, అంది, ఆమె వేళ్లు ఒంటికి వచ్చింది అని కొట్టాయి, బాత్రూం అటుపక్క ఉంది అని కొట్టాయి, నాన్న హాల్లో దగ్గర ఆగిపోయాయి.

నాన్న హాల్లో, తన నాన్న, మంచం మీద, కిటికీలకి దుప్పట్లు కట్టి, మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి, మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం ఆరున్నర దాకా లేవడు, లేవకూడదు, బడి నుంచి నాలుగింటికి వచ్చి తనూ అక్కా చెప్పులు చేత్తో పట్టుకుని వెనక గుమ్మం నుంచి వంటింట్లోకి, అమ్మ చూపుడువేలు పెదాల మీద, ఆ వేలు అలా అక్కడే పుట్టిందేమో అనిపించేది, పుస్తకం పేజీ తిప్పినా చూసేది, బాత్రూము హాలుకి అవతల, నాన్న తలవైపు, నాలుగు నుంచి ఆరున్నర, రెండున్నర గంటలు, మడమ మీద కూర్చుంటే ఆగుతుంది అని అక్క నేర్పింది, ఎక్కాలు లోపల చదువుకుంటే ఆగుతుంది, ఎవరు ఎక్కువసేపు ఆపుకుంటే వాళ్లు గొప్ప, అక్కే గెలిచేది, అక్కకి పదకొండు, తనకి ఎనిమిది, ఒకరోజు పదమూడో ఎక్కం దాకా వచ్చాక ఇక వల్లకాలేదు, మునివేళ్ల మీద గోడ పట్టుకుని నాన్న తల పక్కనుంచి వెళ్లింది, చప్పుడు కాకుండా గోడవారగా కూర్చుంది, ఎంత హాయో, ఒళ్లంతా వదులైపోయింది, అలా ఒళ్లు వదిలెయ్యడం అదే ఆఖరు, లేచేటప్పుడు మోచెయ్యి తగిలి తొట్టి అంచు మీది రేకుమగ్గు గచ్చు మీద పడింది, ఒకసారి కాదు, దొర్లి దొర్లి నాలుగుసార్లు మోగింది, నాన్న లేచాడు, తనకేసి చూడను కూడా చూడలేదు, పక్కనుంచే వంటింట్లోకి వెళ్లాడు, పిల్లల్ని ఒక్క గంట కూర్చోబెట్టలేవా అన్న మాట, తర్వాత ఇంకో చప్పుడు, తను హాల్లోకి వచ్చేసరికి అమ్మ కనుబొమ్మ చిట్లింది, తరుగుతున్న ఉల్లిపాయల మీద నెత్తురు పడింది, అమ్మ కొంగు అదిమిపెట్టుకుని ఏం లేదు ఏం లేదు అంటోంది, అప్పుడు కూడా గొంతు తగ్గించే, అక్క పొయ్యి పక్కన నిలబడి ఉంది, నాలుగు కుట్లు పడ్డాయి, అలమర తలుపు తగిలిందని పక్కింటావిడకి చెప్పింది అమ్మ, తలుపు తగిలింది, మగ్గు పడింది, నెత్తురు వచ్చింది, అన్నీ వాటంతటవే అయినట్టు, కానీ తనకి తెలుసు ఎందుకయ్యాయో, తను ఆపుకోలేకపోయింది, అందుకు, ఆ తర్వాత బడి చదువు అయ్యేదాకా ఏడేళ్లు, నాలుగు నుంచి ఆరున్నర మధ్య తను ఒక్కసారి కూడా వెళ్లలేదు, ఒక్కసారి కూడా.

ఏమ్మా రాశారా అని జడ్జిగారి గొంతు, రాశానండి అంది, రాసింది, హాల్లో ఉన్నాడు, చూస్తున్నా, లాయరు ఇంకో నాలుగు ప్రశ్నలు వేశాడు, ఆ రోజు మీ అమ్మ ఏ రంగు చీర కట్టుకుంది, తెలీదు, లైటు వేసుందా, తెలీదు, మీ నాన్న ఏ చొక్కా వేసుకున్నాడు, గుర్తులేదు, మీ అమ్మ ఏమని అరిచింది, గుర్తులేదు, గుర్తులేదని రాయండమ్మా అన్నాడు లాయరు, గొంతులో సంతోషం దాచుకోలేక, పొద్దున పదింటికి ఈ పిల్లే ఆ ఇంట్లో కుర్చీ ఎటు తిరిగి ఉందో కూడా చెప్పింది, ఇప్పుడు రెండున్నరకి ఏదీ గుర్తులేదంటోంది, ఆమె కీబోర్డు మీంచి తల ఎత్తింది, పిల్ల కుర్చీ అంచుకి జరిగిపోయి ఉంది, ఒక కాలు మడిచి మడమ కింద పెట్టుకుని కూర్చుంది, రెండు చేతులూ మోకాళ్ల మధ్య, పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు, ఆ పెదాలు చూడగానే ఆమెకి తెలిసిపోయింది, గుర్తులేక కాదు, ఆపుకుంటున్న మనిషికి ఇంకేదీ గుర్తుకి రాదు, ప్రపంచమంతా ఒక్కచోటికి కుంచించుకుపోతుంది, ఆ చోటుని బిగించి పట్టుకోవడం తప్ప వేరే పని ఉండదు, ఇప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి, సహాయకురాలు పిల్ల వీపు నిమురుతోందే గాని కాళ్లకేసి చూడటం లేదు, చెప్పాల్సింది పిల్ల తరఫు లాయరు, ఆయన కాగితాల్లో ఉన్నాడు, తను చెప్పకూడదు, ఈ గదిలో తనకి వేళ్లున్నాయి గాని నోరు లేదు, పందొమ్మిదేళ్లలో రాశానండి, ఇంకోసారి చెప్పండి అనే రెండు మాటలు తప్ప ఈ గదిలో ఆమె గొంతు ఎవరూ వినలేదు, సాక్ష్యం మధ్యలో మాట్లాడితే మెమో ఇస్తారు, ఇచ్చుకోనీ, కాదు, ఎందుకొచ్చింది, ఇంకో పావుగంటే కదా, పావుగంట అని తనూ అనుకునేది.

అయ్యా, ఆ పాపకి ఒంటికి వెళ్లాలి, అంది.

గది మొత్తం ఆమెకేసి తిరిగింది, బంట్రోతు నోరు తెరిచాడు, లాయరు కళ్లజోడు మళ్లీ తీశాడు, అయ్యా కీలకమైన ప్రశ్న దగ్గర సాక్షిని బయటికి పంపిస్తే ఎలా అండీ, అసలు స్టెనోగారికి ఇందులో, జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపి, పిల్లకేసి వంగి, ఏమ్మా వెళ్లాలా అని అడిగారు, పిల్ల తెరవైపు చూసింది, తెర వెనక ఎవరో దగ్గారు, పిల్ల లేదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది, గట్టిగా, రెండుసార్లు, వద్దంటోందిగా అన్నారు జడ్జిగారు ఈసారి ఆమెతో, ఆ గొంతులో చిరాకుందో లేదో ఆమెకి తెలియలేదు, వద్దనే అంటుందండీ, నేనూ అలాగే అనేదాన్ని, అంది, ఎందుకందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, అనేశాక వెనక్కి తీసుకోవడానికి లేదు, ఇది టైపు కాదు చెరిపెయ్యడానికి, జడ్జిగారు పిల్ల కాళ్లకేసి చూశారు, పది నిమిషాలు విరామం అన్నారు, పాపని తీసుకెళ్లండి, మీరూ వెళ్లండమ్మా.

నడవాలో పిల్ల పరిగెత్తలేదు, పరిగెత్తితే ఆగదని తెలిసినవాళ్లు నడిచినట్టు చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ నడిచింది, సహాయకురాలు నీళ్లసీసా నింపుకొస్తానని మలుపు దగ్గర ఆగింది, బాత్రూం గుమ్మంలో పిల్ల వెనక్కి తిరిగి ఆంటీ మీరు బయటే ఉంటారా అంది, ఉంటానమ్మా, మా నాన్న వస్తాడా, ఇటు రాడు, రానివ్వరు, మీరు వెళ్లిపోతారా, వెళ్లను, తలుపు వేసుకోనా, వేసుకో, గడియ కూడా పెట్టుకో, గడియ పడింది, తర్వాత చాలాసేపు నీళ్ల చప్పుడు, ఇంత పిల్లలో ఇంత ఎక్కడ పట్టిందో, ఆ చప్పుడు వింటూ ఆమె గోడకి ఆనుకుంది, లోపల్నుంచి గొంతు, ఆంటీ ఉన్నారా, ఉన్నా, పిల్ల బయటికొచ్చి చేతులు కడుక్కుని, ఫ్రాకుకి తుడుచుకుని, ఆమె మొహంలోకి చూసి, మీకెలా తెలిసింది అని అడిగింది, ఆమె పిల్లని సహాయకురాలికి అప్పగించి తను లోపలికి వెళ్లింది, అంత మంటకీ చివరికి వచ్చింది నాలుగు చుక్కలు, ఎప్పుడూ అంతే, ఆ నాలుగు చుక్కల కోసం లోపల ఎంత బిగింపో ఇవాళ మొదటిసారి తెలిసింది, దవడ, భుజాలు, కడుపు, తొడలు, ఎదురుగా ఉన్న తలుపు అవతల ఎవరూ లేరు, గడియ పెట్టి ఉంది, అయినా ఒళ్లు చెవులు రిక్కించి కూర్చుంది, ఎవరు లేస్తారోనని, ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది, అలవాటుగా, చప్పుడు లేకుండా.

విరామం తర్వాత పిల్ల కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది, మీ అమ్మ కాలు జారి మెట్ల మీద నుంచి పడిపోయింది, అంతేకదా పాపా అన్నాడు లాయరు, కాదు, జారలేదు, మరి పడింది కదా, పడలేదు, నాన్న తోశాడు, నువ్వు గదిలో ఉంటే, తోశాడు, రెండు చేతుల్తో తోశాడు, అమ్మది ఆకుపచ్చ చీర, అని పిల్ల ఎవరూ అడక్కుండానే చెప్పింది, లాయరు కాగితాలు తిరగేశాడు, ఆమె కొట్టింది, సాక్షి: పడలేదు, నాన్న తోశాడు, నాలుగున్నరకి పిల్లని పంపించేశారు, బెంచి గుమాస్తా వచ్చి రేపు జడ్జిగారు ఒకసారి మాట్లాడాలన్నారండీ అని చెప్పి, కొంచెం ఆగి, మంచిపని చేశారండీ అని నెమ్మదిగా అన్నాడు, ఆమె సరేనంది, కంప్యూటరు ఆపింది, సంచి భుజాన వేసుకుంది, మెట్లు దిగలేదు, నడవా చివర ఖాళీ బెంచీ మీద కూర్చుని అక్కకి ఫోను చేసింది.

ఏమే చిన్నీ, ఇవాళ ఆదివారం కాదుగా అంది అక్క, అక్క ఇంకో ఊళ్లో లెక్కల టీచరు, ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటారు, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, ధరలు, అసలు సంగతి ఎప్పుడూ కాదు, అక్కా నీకో మాట చెప్పాలి, నాకు ఎనిమిదేళ్లుగా అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది, మంట, డాక్టర్లు, ఆయన అటు తిరిగి పడుకోవడం, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, తను చెప్పిన అబద్ధం, ఇవాళ్టి పిల్ల, చెప్పడం అయ్యాక, అక్కా ఉన్నావా అంది, ఉన్నానే, మండుతుందా, బరువుగా లాగుతుందా అంది అక్క, రెండూనే, కూర్చుంటే ఎక్కువా, అవును, నీకెలా తెలుసక్కా, నాకు పద్నాలుగేళ్లుగా ఉందే అంది అక్క, గర్భసంచిలో గడ్డన్నారు, ఆరేళ్ల కిందట తీయించుకున్నా కదా, నువ్వు వచ్చి పది రోజులు వండిపెట్టావు, సంచి పోయింది గాని నొప్పి పోలేదు చిన్నీ, ఎవరికి చెప్పుకోను, ఆపరేషనయ్యాక కూడా నొప్పంటే మీ బావ ఏమనుకుంటారోనని చెప్పలేదు, ఆ పది రోజులూ తను అక్క మంచం పక్కనే ఉంది, ఇద్దరూ వంతులేసుకున్నట్టు మాటిమాటికీ బాత్రూముకి వెళ్లొచ్చారు, ఒకరినొకరు ఏమీ అడగలేదు, అడగడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు, ఆ రోజు నేను మగ్గు పడెయ్యకుండా ఉంటే అక్కా, అమ్మకి, అని ఆమె అంటుండగానే అక్క అడ్డొచ్చింది, నువ్వేం పడేశావే, దాన్ని తొట్టి అంచు మీద పెట్టింది నేను, పొద్దున్న స్నానం చేసి, కింద పెట్టమని అమ్మ ఎన్నిసార్లు చెప్పేదో, నేనే పెట్టా, ఆ మగ్గు అక్కడ లేకపోతే అమ్మకి దెబ్బ తగిలేదే కాదు, పొయ్యి దగ్గర నిలబడి అదే అనుకున్నా, ఇప్పటికీ అదే అనుకుంటా, కాదక్కా నా మోచెయ్యే తగిలింది, కాదే నేను పెట్టడం వల్లే, అని ఇద్దరూ ముప్పై ఆరేళ్ల కిందటి ఆ రేకుమగ్గు కోసం నాదంటే నాదని కొట్లాడుకున్నారు, ఇద్దరూ ఏడుస్తూనే, నవ్వులాంటిది కూడా వచ్చి మళ్లీ ఏడుస్తూ, ఆ కొట్లాట మధ్యలో ఆమె హఠాత్తుగా ఆగింది, మగ్గు పడింది, మోచెయ్యి తగిలింది, అంచు మీద పెట్టింది, దెబ్బ తగిలింది, కనుబొమ్మ చిట్లింది, అన్ని మాటలున్నాయి, అందరూ ఉన్నారు, తను, అక్క, అమ్మ, తొట్టి, అలమర తలుపు, చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద అమ్మ, పాపం మీ నాన్నకి నిద్ర చాలేది కాదమ్మా అని గొణిగిన మాటా ఉంది, ఎక్కడా ఆయన చెయ్యి లేదు, ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు సంచి కోయించుకుని, ఒకరు నాలుగు చుక్కల కోసం నిప్పుల మీద కూర్చుని, ఇన్నేళ్లూ ఆ చేతిని వాక్యంలోకి రానివ్వకుండా కాపలా కాశారు, అక్కా, మగ్గు పడితే ఎవరికీ కనుబొమ్మ చిట్లదక్కా, అంది నెమ్మదిగా, ఒక్కో మాటా టైపు కొడుతున్నట్టు, కడుపులో మంట అలాగే ఉంది, రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, అది తన తప్పుకి పడిన శిక్ష మాత్రం కాదు, ఎనిమిదేళ్ల పిల్లకి ఒంటికి వచ్చింది, వెళ్లింది, అంతే, అమ్మకి దెబ్బ తగల్లేదు, నాన్న కొట్టాడు.